సైనస్‌లోకి దూరిన ఫంగస్: మనిషి దక్కుతాడా, కన్ను దక్కుతుందా, ఆ తర్వాత ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఈఎన్‌టీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. 2021 మే నెలలో, ఆనందయ్య కరోనా మందు కోసం వచ్చిన జనంతో కృష్ణపట్నం రోడ్డు కిక్కిరిసిపోయిన రోజుల్లో, మా వార్డులో మంచాలు చాలక వరండాలో కూడా వేశాం. ఆ తర్వాత ఈ ఫంగస్ కేసులు తగ్గాయి గానీ ఆగిపోలేదు. కావలి నుంచో, ఉదయగిరి నుంచో, కనిగిరి నుంచో షుగర్ ఉన్న మనిషి ఒక పక్క ముఖం వాచి ఇప్పటికీ వస్తూనే ఉంటారు. వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే. రౌండ్స్‌లో డాక్టరుగారిని అడగడానికి మొహమాటపడతారు, నేను ఇంజెక్షన్ ట్రే తీసుకుని వెళ్లేసరికి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆ ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇక్కడ రాశాను. ఏ మందు, ఎంత మోతాదు, ఆపరేషన్ ఎప్పుడు అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

"సైనస్‌లో ఫంగస్ ఉంది" అన్నారు. అంటే బ్లాక్ ఫంగసేనా?

కాకపోవచ్చు. ఈ ఒక్క మాట విని బంధువులందరికీ ఫోన్లు చేసి ఏడ్చిన కుటుంబాన్ని చూశాను. తీరా అది ఫంగల్ బాల్. సైనస్ అంటే ముక్కు పక్క ఎముకల్లో ఉండే గాలి గది. అందులో బూజు ఉండలా పేరుకుంటుంది, గోడలోకి దిగదు. ముక్కులోంచి ఎండోస్కోపుతో తీసేస్తే మామూలుగా మందులు కూడా అక్కర్లేదు. ఇంకొకటి ఎలర్జీ రకం. ముక్కులో కండలు పెరుగుతాయి, జిగురులాంటి చీమిడి నిండుతుంది, ఆపరేషన్ చేశాక స్టెరాయిడ్ స్ప్రే వాడతారు. మళ్లీ మళ్లీ వస్తుంది గానీ ప్రాణం మీదికి రావడం అరుదు.

ఈ పేజీ ఆ రెండింటి గురించి కాదు. బూజు సైనస్ పొరని చీల్చుకుని రక్తనాళాల్లోకి, ఎముకలోకి, కంటిగూట్లోకి పాకే రకం గురించి. దాన్ని ఇన్వేసివ్ అంటారు. అందులో రోజుల్లో ముదిరేది ఎక్యూట్. దీనికి మన దగ్గర ఎక్కువగా కారణం మ్యూకర్, అంటే జనం బ్లాక్ ఫంగస్ అనేది. ఆస్పర్‌జిల్లస్ వల్ల కూడా వస్తుంది. నెలల తరబడి నెమ్మదిగా పాకేది క్రానిక్, దాని సంగతి కింద రాశాను.

కాబట్టి డాక్టరుని అడగాల్సిన మొదటి మాట ఇదే: "ఇన్వేసివా, కాదా?" తేడా చిన్నది కాదు. ఎలర్జీ రకానికి మేలు చేసే స్టెరాయిడే దీన్ని ఎగదోస్తుంది.

సిస్టర్, నిజం చెప్పండి. మనిషి దక్కుతాడా?

దీనికి నేను ఎప్పుడూ సూటిగా అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. అంకెలు అడిగితే చెప్తాను, ఆ అంకెల్లో మీ మనిషి ఎక్కడున్నాడో కూడా చెప్పడానికి చూస్తాను.

కరోనాకి ముందు, 2013లో, ఎక్యూట్ రకం మీద ప్రపంచమంతా వచ్చిన 52 పరిశోధనలను కలిపి లెక్క తీశారు. 807 మంది పేషెంట్లలో దాదాపు సగం మంది బతికారు. మ్యూకర్ ఒక్కదాని మీద, శరీరంలో ఎక్కడ వచ్చినా కలిపి 2019లో వేసిన లెక్కలో 851 మందిలో 46 శాతం చనిపోయారు. మన దేశంలో 2020 చివర్లో 16 ఆస్పత్రుల్లో చూసిన 287 మందిలో పన్నెండు వారాలు తిరిగేసరికి ఇంచుమించు 46 శాతమే పోయారు.

2021లో కంటి డాక్టర్లు దేశం మొత్తం మీద 2,826 మంది వివరాలు పోగేస్తే అందులో మరణాలు 14 శాతం. ఇంత తేడా ఎందుకు? ఆ ఏడాది జనానికి భయం పట్టుకుంది, ముక్కు దిబ్బడేస్తే చాలు స్కానింగ్‌కి పరిగెత్తారు, దాంతో చాలామందికి సైనస్ దాటకముందే దొరికిపోయింది. పైగా పేషెంట్లని ఎక్కువ కాలం గమనించక ముందే వేసిన లెక్క అది. అదే ఏడాది జులైలో కేంద్రం పార్లమెంటుకి చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు.

వైద్యం అసలు చేయించకపోతే మాత్రం దాదాపు ఎవరూ మిగలరు. "దేవుడి దయ, ఇంటికి తీసుకుపోతాం" అనేవాళ్లకి ఈ మాట ఒక్కటే గట్టిగా చెప్తాను. సగం అంటే చిన్న అవకాశం కాదు.

మా నాన్న విషయంలో ఏం చూసి చెప్తారు?

ముందు, ఎంత దూరం పాకిందో చూస్తారు. ముక్కు, సైనస్‌లలోనే ఉంటే మంచి మాట. కంటిగూట్లోకి దిగితే కష్టం. మెదడు దాకా పోతే బాగా కష్టం. ఎంఆర్ఐ తీసేది ఇందుకే. "సీటీ తీశాం కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు, డబ్బులు గుంజడానికా?" అని గొడవపడతారు. సీటీలో ఎముక బాగా కనపడుతుంది. కంటి వెనక, మెదడు పొరల దగ్గర, రక్తం అందని కండ ఎక్కడుందో రంగు మందు ఎక్కించి తీసిన ఎంఆర్ఐలోనే తెలుస్తుంది. రెండూ కావాలి.

తర్వాత చూసేది, అసలు ఒంట్లో ఏ లోటు వల్ల వచ్చిందని. షుగర్ వల్ల వస్తే కొంత నయం, ఎందుకంటే ఇన్సులిన్‌తో షుగర్‌ని రెండు మూడు రోజుల్లో దారికి తేవచ్చు. రక్త క్యాన్సర్‌లో తెల్లకణాలు పడిపోయి వస్తే, ఆ కణాలు మళ్లీ లేచేదాకా మందు ఒంటరిగా పోరాడాలి. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి ఇంకో చిక్కు: కొత్త కిడ్నీ కోసం మింగే మందులే ఫంగస్‌కి దారి వదులుతాయి.

ఇక రోజులు. రక్త క్యాన్సర్ పేషెంట్ల మీద 2008లో వచ్చిన లెక్క ఒకటుంది. జబ్బు తేలాక ఆరు రోజుల్లోపు ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టినవాళ్లలో 49 శాతం మంది పోతే, అంతకన్నా ఆలస్యమైనవాళ్లలో 83 శాతం మంది పోయారు. అదే మందు, అదే జబ్బు. మధ్యలో పోయింది రోజులే.

షుగర్ ఉంటేనే ఎందుకు వస్తుంది?

ఈ బూజు అందరి ముక్కులోకీ పోతూనే ఉంటుంది. తడిసిన వరిగడ్డి వామిలో, పెంటదిబ్బలో, కుళ్లిన పండులో, ఇంటి దుమ్ములో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లోని తెల్లకణాలు దాన్ని అక్కడికక్కడే తినేస్తాయి. షుగర్ మితిమీరితే ఆ కణాలు మందగిస్తాయి. కీటోన్లు పెరిగి రక్తం పులిసినట్టయితే, ప్రోటీన్‌కి అంటిపెట్టుకుని ఉండే ఇనుము విడిపోయి బూజుకి ఆహారంగా దొరుకుతుంది. తీపి, పులుపు, ఇనుము మూడూ ఒకచోట అమరినట్టే. కరోనా అప్పుడు షుగర్‌కి తోడు స్టెరాయిడ్లు కలిశాయి. పైన చెప్పిన 2,826 మందిలో 78 శాతం మందికి షుగర్ ఉంది, 87 శాతం మంది స్టెరాయిడ్లు వాడారు.

మా వార్డుకి వచ్చాకే తమకి షుగర్ ఉందని తెలుసుకున్నవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

పన్ను నొప్పే కదా అనుకున్నాం. మొదట్లో ఎలా తెలుస్తుంది?

ఇది మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా పిన్ని పొదలకూరులో ఉంటుంది. కరోనాకి ముందు సంగతి. ఒక బుధవారం సాయంత్రం ఫోన్ చేసి, "కుడి బుగ్గ మొద్దుబారినట్టు ఉందే, పై పళ్లు లాగతా ఉండాయి" అంది. నేను డ్యూటీలో ఉన్నాను, రెండు చేతులా పని. "జలుబు చేసి సైనస్ పట్టి ఉంటుంది పిన్నీ, ఆవిరి పట్టు, ఆదివారం వస్తాను" అన్నాను. గురువారం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే వాపు తగ్గడానికని ఒక ఇంజెక్షన్ వేశాడు, అది స్టెరాయిడ్ అని మాకు తర్వాత తెలిసింది. శనివారం రాత్రికి కుడి రెప్ప వాలిపోయింది. ఆదివారం నేను పోయి నోరు తెరిపించి టార్చి వేస్తే అంగిట్లో రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. పిన్ని బతికింది, కుడి కన్ను పోయింది. బుగ్గ మొద్దుబారింది అన్న మాట నా చెవిన పడింది. నర్సునై ఉండీ పట్టించుకోలేదు.

మామూలు సైనస్‌కి నొప్పి ఉంటుంది, బరువు ఉంటుంది, బుగ్గ స్పర్శ మాత్రం పోదు. షుగర్ ఉన్న మనిషికి ఒక పక్కే బుగ్గ తిమ్మిరెక్కినా, ఒక పక్కే ముఖం నొప్పి, వాపు వచ్చినా, పై పళ్లు కదిలినా, ముక్కులోంచి నల్లగా, కాఫీ రంగులో కారినా, ఒకటి రెండుగా కనపడినా, రెప్ప వాలినా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోవాలి. దూదితో రెండు బుగ్గలూ తడిమి తేడా ఉందేమో చూసుకోండి. టార్చితో అంగిలి చూసుకోండి. ఒక్కో కన్ను మూసి గోడమీది క్యాలెండర్ చదవండి. రెండు నిమిషాల పని.

పన్ను కదులుతోందని పీకించుకుని, ఆ గుంట మానక నెల తర్వాత మా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. పన్ను పీకిన గుంట మానకుండా లోపల ఎముక తెల్లగానో నల్లగానో కనపడితే యాంటీబయాటిక్ కోర్సులు మార్చుకుంటూ కూర్చోకండి.

బయాప్సీ రిపోర్టు రాకముందే మందు, ఆపరేషన్ అంటున్నారు. తొందర ఎందుకు?

పూర్తి రిపోర్టుకి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఏం జరుగుతుందో పైన చెప్పాను. అందుకే ముక్కులోంచి చిన్న ముక్క తీసి కేఓహెచ్ అనే రసాయనం చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు, అది గంటల్లో తేలుతుంది. మా మైక్రోబయాలజీ మేడం ఒకసారి నన్ను పిలిచి చూపించింది. మ్యూకర్ పోగులు నవ్వారు పట్టీల్లా వెడల్పుగా, మడతలు పడి ఉంటాయి, కొమ్మలు అడ్డంగా, ఇంచుమించు లంబకోణంలో చీలతాయి. ఆస్పర్‌జిల్లస్ సన్నగా, చెరుకు గడలా కణుపులతో ఉండి పంగలకర్రలా చీలుతుంది. ఈ తేడా తెలియడం ఎందుకంత అవసరమంటే, ఆస్పర్‌జిల్లస్‌కి మొదట వాడే వోరికొనజోల్ మ్యూకర్‌కి పనిచేయదు.

ఒక హెచ్చరిక: "కల్చర్‌లో (ముక్కని ల్యాబులో పెట్టి ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్షలో) ఏమీ పెరగలేదు" అంటే ఫంగస్ లేనట్టు కాదు. మ్యూకర్ పోగులు సున్నితం, ల్యాబులో ముక్కని నూరేటప్పుడే చచ్చిపోతుంటాయి.

మందు ఉంది కదా, కోయకుండా నయం చేయలేరా?

ఈ బూజు రక్తనాళం లోపలికి దూరి దాన్ని మూసేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది, ఆ నలుపు వల్లే జనం బ్లాక్ ఫంగస్ అన్నారు. బూజు రంగు అది కాదు. రక్తం పోని చోటికి రక్తంలో ఎక్కించిన మందు ఎలా పోతుంది? అందుకే చచ్చిన కండని తీసేయాలి. ఆపరేషన్‌లో సర్జన్ ఎంతవరకు తీస్తాడంటే, రక్తం చిమ్మే మంచి కండ తగిలేదాకా. చాలావరకు ముక్కులోంచే ఎండోస్కోపుతో చేస్తారు, ముఖం మీద కోత ఉండదు. రెండు మూడు రోజులకి మళ్లీ చూసి, నలుపు తేలితే మళ్లీ తీస్తారు. "మొదటిసారి సరిగ్గా చేయలేదా?" అని అడక్కండి. ఇందులో రెండోసారి, మూడోసారి లోపలికి తీసుకుపోవడం మామూలు.

కన్ను తీసేయాల్సిందేనా?

అందరికీ కాదు. 2021 లెక్కలో కన్ను తీసినవాళ్లు 15 శాతం. చూపు పూర్తిగా పోయి, కంటిగూడంతా బూజు నిండి, మెదడు వైపు పోతుందన్న భయం ఉన్నప్పుడే ఆ మాట ఎత్తుతారు. కన్ను తీసేస్తే ప్రాణం తప్పక దక్కుతుందా అంటే, అంత ఖాయంగా ఎవరూ చెప్పలేరు, డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. చూపు ఇంకా ఉండి, గూట్లో కొద్దిగా దిగినవాళ్లకి కంటి వెనకకి ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లు ఇచ్చి చూడటం 2021లో బాగా పెరిగింది. దానితో కన్ను మిగిలినవాళ్లు మా దగ్గరా ఉన్నారు.

పోయిన చూపు తిరిగి వస్తుందా అని అడుగుతారు. కంటికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోయి చూపు పోతే సాధారణంగా రాదు. వాలిన రెప్ప, కదలని కన్ను మాత్రం నెలల మీద కొంత కుదురుకోవచ్చు.

కన్ను తీయడానికి సంతకం పెట్టేటప్పుడు కొడుకులు బయట వరండాలో అరగంట మాట్లాడుకుని, పేషెంటుని అడగకుండానే సంతకం పెట్టేస్తారు. మనిషి స్పృహలో ఉంటే ఆ మాట ఆయనకి ముందే చెప్పండి. మత్తు దిగాక కట్టు తడుముకుని తెలుసుకోవడం కన్నా అది మేలు.

పైదవడ తీసేశారు. అన్నం తినేది ఎలా?

ఇది రాయడానికి కాస్త చోటు కావాలి, ఎందుకంటే బతికి బయటపడ్డవాళ్లు ఎక్కువ కష్టపడేది ఇక్కడే.

పైదవడ సగం పోతే నోటికీ ముక్కుకీ మధ్య గోడ ఉండదు. నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట్లాడితే గాలంతా పైకి పోయి "పాప" అన్నా "మామ" అన్నా ఒకేలా వినపడుతుంది. దీనికి అబ్టురేటర్ అని ఒక ప్లేటు చేస్తారు. ఆపరేషన్ రోజే ఒకటి పెట్టవచ్చు, వారం పది రోజులకి ఇంకోటి, గాయం పూర్తిగా మాని ఆకారం కుదిరాక, అంటే కొన్ని నెలలకి, అసలుది. చేసేది ఈఎన్‌టీ వాళ్లు కాదు, కట్టుడు పళ్ల డాక్టర్లు. అందుకే ఆపరేషన్‌కి ముందే వాళ్లకి ఒకసారి చూపించి అచ్చు తీయించుకోమని అడగండి. తర్వాత తీస్తే నోరు సరిగ్గా తెరుచుకోదు.

కోవూరు వైపు నుంచి వచ్చే ఒకాయన ఉన్నాడు, వరి కోత మిషను తోలేవాడు. అసలు ప్లేటు పెట్టిన రోజు నేను పక్కనే ఉన్నాను. గులాబీ రంగు అక్రిలిక్, ఒక పక్క పళ్లు, పైన బోలుగా చిన్న గుండులాంటిది, ఆ గుండు వెళ్లి ఖాళీలో కూర్చుంటుంది, మిగిలిన పళ్లకి రెండు తీగలు పట్టుకుంటాయి. మూడుసార్లు పెట్టి తీసి, అరగదీసి, నాలుగోసారి పెట్టాక డాక్టరు నీళ్ల గ్లాసు ఇచ్చాడు. ఆయన తాగి, ముక్కు కింద వేలు పెట్టి చూసుకున్నాడు. తడి లేదు. మళ్లీ తాగాడు, మళ్లీ చూసుకున్నాడు. ఫోన్ తీసి భార్యకి చేసి, "ఏందిమే, ఇనపడతా ఉందా?" అన్నాడు. అవతల ఆమె ఏడుస్తా ఉంది గానీ ఈయన ఆ ఒక్క మాటే మార్చి మార్చి అంటున్నాడు.

మొదటి రోజుల్లో రాగి జావ, మెత్తగా ఉడికిన పప్పన్నం, గుడ్డు. గట్టివి రెండో పక్క నమలాలి. ముళ్లుండే చేపలు కొన్నాళ్లు మానేయమంటే మన జిల్లాలో ఎవరూ వినరు, కనీసం ముళ్లు తీసిచ్చే మనిషి పక్కన ఉండాలి. తిన్న ప్రతిసారీ ప్లేటు తీసి కడగాలి, ఖాళీలో చెక్కులు కట్టకుండా ఉప్పునీళ్లతో పుక్కిలించాలి. వదులైతే సొంతంగా ఫెవిక్విక్ పెట్టి అతికించకండి. అదీ చూశాం.

జబ్బు మళ్లీ రాలేదని గట్టిగా తేలాక చెంప ఎముకలోకి పొడవాటి ఇంప్లాంట్లు బిగించి పళ్లు కట్టే పద్ధతి కూడా ఉంది. ఖర్చు ఎక్కువ, అందరికీ కుదరదు.

ఆంఫోటెరిసిన్ ఎన్ని రోజులు? షుగర్ మనిషికి గ్లూకోజ్‌లో కలిపి ఎక్కిస్తున్నారేంటి?

రెండో ప్రశ్న రోజూ వింటాను, ఒకాయన నా చేతిలో సీసా లాక్కోబోయాడు కూడా. ఈ మందు సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది, ఉప్పు తగిలిన పాలలాగా. డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. దానికి తగ్గట్టు ఇన్సులిన్ సర్దుతాం.

లైపోజోమల్ రకం, అంటే మందుని కొవ్వు పొరలో చుట్టి చేసిన కొత్త రకం, మామూలుగా కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ రోజుకి ఆరు. మెదడు దాకా పోతే మోతాదు పెంచవచ్చు. ఒక్కో వయల్‌లో నీళ్లు పోసి అరనిమిషం గట్టిగా ఊపి, ఫిల్టర్ ద్వారా తీసి కలిపేసరికి మాకు ముప్పావు గంట పడుతుంది. అది ఇంచుమించు రెండు గంటలు ఎక్కుతుంది. పాత రకం, మామూలు ఆంఫోటెరిసిన్, నాలుగు నుంచి ఆరు గంటలు. దానికి చలి, వణుకు ఎక్కువ, దుప్పటి దగ్గర ఉంచుకోండి, వణుకు మొదలైతే వెంటనే పిలవండి, సీసాని మీరు కట్టేయకండి.

ఎన్ని రోజులంటే, వారాలు. మూడు నుంచి ఆరు వారాలు మామూలే. తర్వాత పోసకొనజోల్ గానీ ఇసావుకొనజోల్ గానీ మాత్రలు కొన్ని నెలలు. ఎండోస్కోపీ, స్కాన్ రెండూ శుభ్రంగా ఉండాలి, షుగర్ దారిలో ఉండాలి, అప్పుడే ఆపుతారు. తేదీ ముందే చెప్పలేరు. "ఉగాదికి ఇంటికి పంపేస్తారా?" అంటే నా దగ్గర జవాబు లేదు.

ఈ ఇంజెక్షన్‌తో కిడ్నీలు పోతాయంట కదా?

దెబ్బతినే అవకాశం ఉంది, అందుకే ఒకరోజు విడిచి ఒకరోజు రక్తం తీస్తాం. ముందే కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి లైపోజోమల్ రకమే వాడాలని చూస్తారు. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరికి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) ముందే ఎక్కువ ఉంటుంది. పాత రిపోర్టులు ఉంటే తప్పక తీసుకురండి, కొత్తగా పెరిగిందా, ఉన్నదేనా అన్నది వాటివల్లే తెలుస్తుంది. ఇంకొకటి పొటాషియం. అది పడిపోతే కాళ్లు పీకుతాయి, మంచం దిగలేరు, గుండె లయ తప్పవచ్చు. కాళ్లు పీకితే మంచం పట్టినందువల్లే అనుకోకుండా మాకు చెప్పండి. కొబ్బరినీళ్లు పట్టవచ్చా అని అడిగి పట్టండి, కిడ్నీ బాగాలేనివాళ్లకి అవే చేటు.

ఒంట్లో బాగానే ఉంది. మళ్లీ వస్తుందా?

రావచ్చు. ముక్కు వెనక, దవడ ఎముక వెనక ఒక ఇరుకు సందు ఉంటుంది, బూజు అక్కడ దాక్కుంటుంది. తల అడుగు ఎముకలో నిప్పు కణికలా మిగిలి రెండు మూడు నెలలకి తలనొప్పిగా బయటపడినవాళ్లూ ఉన్నారు. ఆ తలనొప్పికి నొప్పి మాత్ర వేసుకుని ఊరుకోవద్దు. మొదటి మూడు నెలలు డాక్టరు రమ్మన్న ప్రతి తేదీకీ రావాలి, నొప్పి లేకపోయినా.

రావడం మానేసేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే: బాగుంది కదా అని. మాత్రలు ఖరీదని మధ్యలో ఆపేసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లని తిట్టలేను. కానీ ఆపే ముందు ఒక్క ఫోన్ చేస్తే వేరే దారి వెతకవచ్చు.

మా మామయ్యకి ఏడాదిగా కన్ను ముందుకి పొడుచుకొస్తోంది, నొప్పి లేదు, షుగర్ లేదు. అదీ ఫంగసే అంటున్నారు.

అది క్రానిక్ రకం అయ్యుండొచ్చు. సూడాన్‌లో, మన దేశంలో, పాకిస్తాన్‌లో ఎక్కువగా కనపడింది. పొడి గాలి, దుమ్ము ఉండే చోట్ల, పొలం పనులు చేసుకునేవాళ్లలో, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా వస్తుంది. కారణం ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, వేరుశనక్కాయలకి పట్టి విషం చేసే పసుపుపచ్చ బూజు అదే. మా దగ్గరికి వచ్చిన ఒక ప్రకాశం జిల్లా రైతుకి ముందు క్యాన్సర్ అన్నారు, తర్వాత బయాప్సీలో గడ్డలు చూసి ఒకచోట టీబీ మందులు మొదలుపెట్టారు. ఐదు నెలలు వాడాక కన్ను ఇంకా బయటికి వచ్చింది. ముక్కని ఫంగస్ రంగులు వేసి మళ్లీ చూస్తే గానీ తేలలేదు. దీంట్లో ప్రాణానికి ఎక్యూట్ రకమంత ముప్పు లేదు. ఆపరేషన్, నెలల తరబడి వోరికొనజోల్ లేదా ఇట్రాకొనజోల్ మాత్రలు. మళ్లీ తలెత్తే గుణం మాత్రం ఉంది.

ఇంట్లో మిగతావాళ్లకి అంటుకుంటుందా? ప్లేటు, గ్లాసు వేరు చేయాలా?

అంటుకోదు. వేరు చేయొద్దు.

ఫ్రిజ్‌లో ఉల్లిపాయ మీది నలుపు వల్ల వస్తుందని, ఆవుపేడ రాస్తే తగ్గుతుందని...

ఉల్లిపాయ నలుపు వేరే బూజు, కడిగి వాడుకోండి. పేడలోనే ఈ జాతి బూజులు పెరుగుతాయి. ముక్కులో నిమ్మరసం, నూనెలు పోసుకుని వచ్చినవాళ్లకి లోపల పొర కాలి, ఏది జబ్బో ఏది కాలిన గాయమో తెలియక డాక్టర్లు తల పట్టుకున్నారు.

ఎక్కడికి పోవాలి? నెల్లూరా, ఒంగోలా, చెన్నైయా?

ఈఎన్‌టీ, కన్ను, పళ్లు, మెదడు డాక్టర్లు, ఎంఆర్ఐ, ఐసీయూ ఒకే చోట ఉండాలి. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులు మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉన్నాయి, ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆస్పత్రి నెల్లూరులో ఉంది. చెన్నై పోవాలనుకుంటే పోండి, కానీ ఇక్కడ మొదటి డోసు పడకుండా పోవద్దు. ఎవరి ద్వారానో అపాయింట్‌మెంట్ కోసం మూడు రోజులు ఆగి, పినాకిని రైల్లో టికెట్టు దొరకలేదని ఇంకోరోజు ఆగి, అక్కడ మళ్లీ అన్ని టెస్టులూ చేయించుకునేసరికి వారం పోయిన కేసు నాకు తెలుసు. సీటీ, ఎంఆర్ఐ సీడీలు, బయాప్సీ బ్లాకు (మైనంలో దాచిన ముక్క), స్లైడ్లు వెంట తీసుకుపోండి, కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు.

ఖర్చు సంగతి: 2021 మేలో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఏ ఆస్పత్రిలో ఏది వర్తిస్తుందో 104కి ఫోన్ చేసి గానీ, ఆస్పత్రి హెల్ప్ డెస్క్‌లో గానీ చేరిన రోజే అడగండి. మందుకి, ఆపరేషన్‌కి, తర్వాత కట్టే ప్లేటుకి విడివిడిగా అడగండి. మూడోది అడగడం అందరూ మర్చిపోతారు.

ఒక కన్ను పోయింది. పెన్షన్ వస్తుందా?

రెండో కన్ను బాగుంటే ఒక కన్ను పోయినందుకు మెడికల్ బోర్డు ఇచ్చేది 30 శాతం. వికలాంగుల లబ్ధికి 40 శాతం కావాలి. ఈ మాట చెప్పినప్పుడు జనం ముఖాలు చూడలేను. రెండో కంటి చూపు కూడా తగ్గి ఉంటే లెక్క మారుతుంది, కాబట్టి వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి పోయే ముందు రెండు కళ్లూ పరీక్ష చేయించుకుని, దవడ ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ కూడా పెట్టుకోండి.

ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడటం లేదు, బయటికే రావడం లేదు.

చాలామంది అంతే. మగవాళ్లు పెళ్లిళ్లకి పోరు, ఆడవాళ్లు కొంగు కప్పుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతారు. నిద్ర లేకపోతే, అన్నం మానేస్తే, "నేనెందుకు బతికానో" అంటే మానసిక డాక్టరుకి చూపించండి, అది సిగ్గుపడాల్సిన పని కాదు. కంటిగూటికి కళ్లజోడుతో కలిపి పెట్టుకునే కృత్రిమ కన్ను, రెప్ప చేసే చోట్లు ఉన్నాయి, మీ కంటి డాక్టరుని అడిగితే దారి చెప్తారు.

మా పిన్ని మూడేళ్లు ఎక్కడికీ పోలేదు. నల్ల కళ్లద్దాలు కొనిస్తే బీరువాలో పెట్టింది. నాలుగో ఏడు రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు దగ్గరికి పోదామని తనే అంది. ఆ జనంలో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఆరోగ్యం రొట్టె ఎవరిస్తారా అని వెతుక్కుంటుంటే కావలి నుంచి వచ్చిన ఒకమ్మాయి తన రొట్టె ఇచ్చి, కన్ను వంక చూసి, "ఏమైందమ్మా?" అని అడిగింది. పిన్ని కొంగు లాక్కోలేదు. "షుగర్ చూసుకోలా. మీ ఇంట్లో ఎవరికన్నా ఉందా?" అని అడిగి, అక్కడే నీళ్లలో నిలబడి, బుగ్గ తడిమి చూసుకోవడం ఎట్లాగో ఆ పిల్లకి చూపించడం మొదలుపెట్టింది.